మిగతా ఎనిమిది గింజలు

నిఘంటు కార్యాలయం, మూడో అంతస్తు
ఫిబ్రవరి 3, సోమవారం

గౌరవనీయులైన బావగారికి,

మూడేళ్లుగా మీతో మాటల్లేని బామ్మర్ది రెండు చేతులూ జోడించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ మీ చెల్లెలూ కులాసా. అక్కడ మీరెలా ఉన్నారని అడగడం లేదు. మీ మోకాలి నొప్పి మొదలు మీ చొక్కాకు ఊడిన గుండీ దాకా అక్క వారానికి రెండుసార్లు వచ్చి చెబుతూనే ఉంది. రెండు వీధుల అవతల ఉన్న మనిషికి ఉత్తరమేమిటని మీరనుకోవచ్చు. ఫోను చేస్తే మీరు ఎత్తరు. పొరపాటున ఎత్తినా, నా గొంతు వినగానే ఫోను అక్క చేతిలో పెట్టి కుంపటి దగ్గరికి వెళ్లిపోతారు. ఉత్తరమైతే మీ పేరు మీద వస్తుంది కనుక మీరే విప్పాలి.

ఇది పూర్తిగా కార్యాలయం పని మీద రాస్తున్నది, సొంత విషయం ఏమాత్రం కాదు. మా నిఘంటువు ఆరో సంపుటం ఈ నెల ఇరవై ఒకటిన అచ్చుకు వెళుతుంది. అందులో వీసం అనే మాట ఉంది. ఏ వీసమో మీకు తెలుసు.

ఆ మాటకు నా దగ్గర రెండు అర్థాలు సిద్ధంగా ఉన్నాయి. ఒకటి, పదహారో వంతు. రెండోది, ఒకప్పటి నాణెంలో పదహారో వంతు విలువ, అంటే జేబులో వేసుకుంటే ఉందో లేదో తెలియనంత డబ్బు. మూడో అర్థం వడ్లగింజ, వడ్లగింజంత బరువు. ఇది మీరు చెప్పింది. మా దగ్గర ఒక పద్ధతి ఉంది. ప్రతి అర్థానికీ ఒక చీటీ ఉండాలి. ఆ మాటను ఎవరో ఒకరు నిజంగా వాడిన వాక్యం ఆ చీటీ మీద ఉండాలి, వాడిందెవరో ఉండాలి, తారీఖు ఉండాలి. చీటీ లేనిది అర్థమే లేదంటారు మా ప్రధాన సంపాదకుడు. ఆయన కాస్త ముందుకు వంగి నడుస్తారు కనుక మేమంతా ఆయన్ని కామాగారు అంటాం, ఆయన గదిలో లేనప్పుడు. మొదటి రెండు అర్థాలకూ చీటీలు కట్టలకొద్దీ ఉన్నాయి. వడ్లగింజకు ఒక్కటీ లేదు. ఇరవై ఒకటి లోపల రాకపోతే ఆ అర్థం పుస్తకంలో ఉండదు. మళ్లీ ఇంకో అచ్చు పడేనాటికి మనిద్దరికీ భూమ్మీద నూకలుంటాయో లేదో ఎవరికి తెలుసు.

కాబట్టి, బంగారు పనిలో దాదాపు యాభై ఏళ్ల అనుభవం ఉన్న వారిగా, వీసం అన్న మాటను గింజ అనే అర్థంలో వాడుతూ ఒకే ఒక్క వాక్యం రాసి, కింద సంతకం చేసి పంపవలసిందిగా కోరుతున్నాను.

ఆ రోజు జరిగిందాని గురించి రాయకూడదనే కూర్చున్నాను. కలం ఆగడం లేదు. ఆ మధ్యాహ్నం మా ఇంట్లో భోజనాల దగ్గర నేను వీసం చిత్తుప్రతి చదవకుండా ఉండాల్సింది. చదివినా మీరు వినకుండా ఉండాల్సింది. మీరు కలిపిన ముద్ద పక్కన పెట్టి, ముందు పుట్టింది గింజరా, గింజతో బంగారం తూచారు, తూచిన బంగారంతో నాణెం చేశారు, తల్లి కంటే ముందు పిల్ల ఎలా పుడుతుంది అన్నారు. పుస్తకాల్లో వంతే ముందని ఉంది అన్నాను. పుస్తకాలు అన్నం తినవు కదా, వాటికి గింజ సంగతి ఏం తెలుసు అన్నారు. అందరూ నవ్వారు, మీ చెల్లెలు అందరికంటే ఎక్కువసేపు నవ్వింది. నాకు తిక్క రేగింది. వీసమెత్తు చదువు లేనివాళ్లు అర్థాల జోలికి రాకూడదు అనేశాను. మీరు లేచి, చేయి కడుక్కుని, చెప్పులు వేసుకుని వెళ్లిపోయారు. కంచంలో సగం అన్నం అలాగే ఉంది.

అనకూడని మాట అన్నాను, ఒప్పుకుంటాను. కానీ దానికి మూడేళ్లా బావా? కోపానికైనా ఒక తూకం ఉండాలి. ముల్లు వెంట్రుకవాసి పక్కకు జరిగితే ఊపిరి బిగబట్టి మళ్లీ తూచే మనిషివి నువ్వు. ఇదిగో, నాకు తెలియకుండానే నువ్వు అని రాసేశాను. కొట్టేసి మళ్లీ రాసే ఓపిక లేదు, అలాగే ఉండనీ.

అక్క ఇంకో మాట చెప్పింది. నాన్న బంగారు కొట్లో వాడిన చిన్న త్రాసును మూడేళ్లుగా నువ్వు ఎవరినీ తుడవనివ్వడం లేదట. పనిబల్ల అద్దంలా ఉంటుందట, త్రాసు మీద మాత్రం వేలెడు దుమ్ము. నుదుటి మీద భూతద్దం పెట్టుకుని ఇల్లంతా భూతద్దం కోసం వెతికే మనిషి కదా, ఇప్పుడు మతిమరుపు ముదిరిందని అక్క బాధ. ఒకసారి డాక్టరుకు చూపించుకో.

ఇట్లు,
వ నుంచి హ దాకా చూసే సహాయ సంపాదకుడు,
మీ బామ్మర్ది

తా.క.: కార్యాలయం పని మీద రాస్తున్నానన్నాను. కార్యాలయం నన్ను ఏ ఉత్తరమూ రాయమనలేదు. కామాగారికి రెండు అర్థాలతోనే కడుపు నిండిపోయింది.


ఇంటి నుంచి
ఫిబ్రవరి 12, బుధవారం

బావకు,

ఈసారి నమస్కారం ముందు పెట్టడం లేదు. ఉత్తరం చివర నా కోపం తగ్గితే అక్కడ పెడతాను.

నీ జవాబు అందింది. దాన్ని జవాబు అనవచ్చో లేదో మా నిఘంటువులో చూడాలి. అక్క సంచీలోంచి ఒక అగ్గిపెట్టె తీసి నా చేతిలో పెట్టి, ఆయన ఇమ్మన్నారు, ఏమిటో ఎందుకో నన్ను అడక్కు, నేను మీ ఇద్దరి మధ్య తపాలా బంట్రోతును అంది. తెరిచి చూస్తే వడ్లగింజలు. మూడుసార్లు లెక్కపెట్టాను, సరిగ్గా ఎనిమిది. వాక్యం లేదు, సంతకం లేదు. నేనడిగింది ఒక వాక్యం, నువ్వు పంపింది కోడి మేత.

పంపినవాడివి కాస్త మంచివైనా పంపావా అంటే అదీ లేదు. దుమ్ము కొట్టుకుపోయి, ఏ కాలం నాటివో ఏమో, రంగు కూడా తెలియడం లేదు. కొత్త వడ్లు గుప్పెడు కొనడానికి చెయ్యి రాలేదా? పోనీ లెక్కయినా సరిగ్గా ఉందా? వీసం అంటే పదహారో వంతు అని నేను చెబుతుంటే పదహారు పంపాలి కదా, వెక్కిరించడానికైనా. ఇది సగం జవాబు అన్నాను మీ చెల్లెలితో. అన్నయ్య ఏ పనీ ఊరికే చెయ్యడు, మీరే సగం అర్థం చేసుకుని ఉంటారు అంది. మా పెళ్లయిన రోజు నుంచీ ఆమె నీ పక్షమే. ఇందులో కొత్తేమీ లేదు.

సరే, గింజలే సాక్ష్యమైతే గింజల్నే తూచుదామని పెద్ద వీధిలోని నగల దుకాణానికి వెళ్లాను. అక్కడ గాజుపెట్టెలో పెట్టిన కంప్యూటరు త్రాసు ఉంది. కౌంటరులో ఉన్నావిడ, గొలుసు చూపించమంటారా, గాజులు చూపించమంటారా అని ఎంతో మర్యాదగా అడిగింది. నేను జేబులోంచి అగ్గిపెట్టె తీశాను. ఆవిడ తలుపు దగ్గరున్న కాపలా మనిషి వైపు చూసింది. నేను నిఘంటువు మనిషినని చెప్పాను. నిఘంటువులకు కూడా బంగారం వేస్తారా అని అడిగింది. అర్థం తూచుకోవడానికి వచ్చానని విడమరిచి చెప్పేసరికి, వాదించడం కంటే తూచి పంపడమే తొందరగా తేలుతుందని ఆవిడకు తోచినట్టుంది.

ఒక్కొక్కటీ తూచింది. ఒకటి ఇరవై ఒక్క మిల్లీగ్రాములు, ఒకటి పంతొమ్మిది, ఒకటైతే ఇరవై నాలుగు. చూశావా బావా? ఏ గింజకు ఆ గింజే. ఒకటి పెళ్లికొడుకులా నిండుగా ఉంటే ఇంకొకటి పరీక్ష రాసొచ్చినట్టు పీక్కుపోయి ఉంది. ఇలాంటివాటిని నమ్మి ఎవరైనా బంగారం తూస్తారా? కనుక గింజ తర్వాతే వచ్చిందని అక్కడే నిలబడి తీర్పు చెప్పేశాను. ఆవిడ నా తీర్పు పట్టించుకోకుండా ఎనిమిదీ కలిపి ఒకేసారి పళ్లెంలో వేసింది. ఒకదాని లావూ ఇంకొకదాని సన్నమూ చెల్లుకు చెల్లయిపోతున్నాయి సార్, కలిపి వేస్తే పెద్దగా తేడా రాదు అంది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నట్టు నేను వినలేదు. ఆవిడ అగ్గిపెట్టెను నగల సంచీలో వేసి నవ్వుతూ ఇచ్చింది. ఆ సంచీ చూసి మా వీధిలో ఇద్దరు మీ చెల్లెలిని, ఏమిటి విశేషం, ఏం కొన్నారు అని అడిగారు. ఆమె ఆ సాయంత్రం నాతో మాట్లాడలేదు.

నువ్వు పంపిన గింజలు ఎనిమిదీ భద్రంగా డబ్బాలో పెట్టాను. ఎప్పుడు కావాలంటే అప్పుడు వెనక్కి పంపుతాను. నాకు వాక్యం కావాలి. ఇంకా తొమ్మిది రోజులే ఉంది. ఎవరెన్ని అన్నా, చీటీ లేకుండా నీ అర్థాన్ని అచ్చు వేయించడం నా తరం కాదు, వేయించకుండా పంపేయడం నాకు ఇష్టం లేదు.

కోపం తగ్గలేదు గానీ నమస్కారం.

నీ బామ్మర్ది

తా.క.: ఎనిమిదీ భద్రంగా ఉన్నాయని రాశాను. ఏడే ఉన్నాయి. దుమ్ము పోతుందని వెనక గుమ్మం దగ్గర కాగితం పరిచి ఎండబెట్టి, కళ్లజోడు కోసం లోపలికి వెళ్లాను. తినే గింజ మీద తినేవాళ్ల పేరు రాసి ఉంటుందంటారు, ఒకదాని మీద పక్కింటి కోడి పేరు ఉంది. ఏ గింజ తిన్నదో కూడా చెప్పగలను. ఇరవై నాలుగు మిల్లీగ్రాములది. నాకు లేని తూకం జ్ఞానం దానికి ఉంది.


నిఘంటు కార్యాలయం
ఫిబ్రవరి 20, గురువారం

బావా,

ఈ ఉత్తరాన్ని క్షేమ సమాచారంతో కాదు, ఓటమితో మొదలుపెడుతున్నాను. వీసం అన్న మాటకు మొదటి అర్థం వడ్లగింజ. మూడోది కాదు, మొదటిది. ఇవాళ మధ్యాహ్నం ఆ పుట అచ్చుకు సిద్ధమైంది.

ఎలాగో చెబుతాను. కోడి తిన్నదానికి బదులు ఇంకో గింజ పెడదామని విత్తనాల కొట్టుకు వెళ్లాను. ఒక్క గింజ ఎవరమ్ముతారు, కిలో కొనాల్సి వచ్చింది. కొట్టావిడ తూస్తూ తూస్తూ, ముల్లు మధ్యకు రాబోయే ముందు చెయ్యి ఆపి, చివరి గుప్పెడు మీరు వెయ్యండి బాబూ అంది. అదెందుకన్నాను. నేనే వేస్తే తక్కువ వేశాననుకుంటారు, మీ చేత్తో వేసుకుంటే ఇంటికెళ్లాక తిట్టుకోవడానికి నేను దొరకను అంది. నవ్వబోయి ఆగిపోయాను. గుప్పెట్లో వడ్లు పట్టుకుని అలాగే నిలబడిపోతే, వెనకున్న మనిషి, అవి త్రాసులో వేస్తారా, ఇక్కడే నాటుతారా అని అడిగాడు.

నాకు నాన్న గుర్తొచ్చాడు. నాన్న పక్కన ఎప్పుడూ వడ్ల గిన్నె ఉండేది కదా. కొత్తవాళ్లు ఎవరైనా నగ చేయించుకోవడానికి వస్తే, నాన్న ఆ గిన్నెలోంచి ఎనిమిది గింజలు ఏరి త్రాసులో వేసేవాడు. తర్వాత గిన్నెను వాళ్ల ముందుకు జరిపి, మిగతా ఎనిమిది మీరు వెయ్యండి అనేవాడు. లావువి ఏరుకున్నా సన్నవి ఏరుకున్నా వాళ్ల ఇష్టం. రెండు చేతుల గింజలూ కలిస్తేనే అది తూకం. ఆ తర్వాత ఎవరూ ఎవరినీ అనుమానించేవారు కాదు, ఎందుకంటే తప్పుంటే సగం తమది కూడా. నువ్వు పదమూడేళ్లప్పుడు ఎనిమిదో తరగతి వదిలేసి మా కొట్లో చేరావు. ఆ గిన్నెలో తాలు లేకుండా ఏరి పెట్టే పని నీదే. నీ పక్కనే గోడకు ఆనుకుని నేను పుస్తకం చదువుకునేవాణ్ణి. రోజూ కళ్లారా చూసిన పద్ధతి అది. దాన్ని వదిలేసి పుస్తకాల్లో వెతుక్కున్నాను.

నువ్వు ఎనిమిది పంపింది మిగతా ఎనిమిది నన్ను వెయ్యమని. నేను దాన్ని సగం జవాబు అన్నాను, కోడి మేత అన్నాను. గురివింద గింజకు తన కింది నలుపు తెలియదన్న సామెత నా కోసమే పుట్టి ఉంటుంది.

కొట్టు నుంచి నేరుగా కార్యాలయానికి వచ్చాను, కిలో వడ్లతో సహా. మా దగ్గర పనికిరావని పక్కన పడేసిన చీటీల కట్ట ఒకటుంది, పైన నమ్మదగనివి అని రాసి ఉంటుంది. చివరి ఆశగా దాన్ని విప్పాను. నీకు మా పని తెలియదు కనుక చెబుతున్నాను. మాటల గురించి మాకు రోజుకు నలభై ఉత్తరాలు వస్తాయి. ఉత్తరం విప్పగానే మాట ఎక్కడుందో చూస్తాం, ఆ వాక్యం వరకు కత్తిరించి చీటీకి అంటిస్తాం, మిగతా కాగితం బుట్టలో వేస్తాం. మాట కోసం చదువుతాం గానీ విషయం కోసం చదవం. ఆ కట్టలో వీసాన్ని గింజ అనే అర్థంలో వాడిన చీటీ ఒకటి దొరికింది. కింద, ఎవరో బంగారు పనివాడు, పేరు లేదు, నమ్మలేం అని రాసి ఉంది. ఎవడో బుద్ధిలేని గుమాస్తా చేసిన పని. వాణ్ణి నిలబెట్టి అరగంట తిట్టాను. వాడు తలొంచుకుని విన్నాడు తప్ప ఒక్క మాట ఎదురు చెప్పలేదు.

చీటీ పట్టుకుని కామాగారి దగ్గరికి వెళ్లాను. పేరు లేని సాక్షి చెల్లడన్నారు. సాక్షి ఎవరో నాకు తెలుసన్నాను. ఎన్నాళ్లుగా తెలుసన్నారు. నలభై ఎనిమిదేళ్లుగా అన్నాను. చదువుకున్న మనిషేనా అన్నారు. నన్ను చదివించిన మనిషి అన్నాను. ఆయన కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని సంతకం చేశారు. ఆ తర్వాత ఆ కిలో వడ్లు బల్ల మీద ఎందుకున్నాయని అడిగారు.

ఆ మాట ఆయన ముందు అన్నాక నీ ముందు అనకపోతే నాకు అన్నం సయించదు. నాన్న చూపు పోయాక కొట్టు నీ నెత్తిన పడింది. నా కాలేజీ ఫీజులు, హాస్టలు ఖర్చు, ఈ ఉద్యోగం ఇంటర్వ్యూకు వేసుకున్న చొక్కా, అన్నీ నీ కుంపటి దగ్గర నుంచే వచ్చాయి. ఊదుగొట్టం ముందు కూర్చుని కూర్చుని నీ కనుబొమ్మలు కాలిపోతే, వాటిని చూసి నవ్వేవాణ్ణి. అలాంటి నీకు వీసమెత్తు చదువు లేదన్నాను. మూడేళ్లు నువ్వు పలకలేదని మొత్తుకున్నాను గానీ, తప్పయింది బావా అని ఒక్కసారి వచ్చి చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతున్నాను. తప్పయింది.

పుటలో ఇలా వస్తుంది. వీసం: 1. వడ్లగింజ, బంగారం తూచేటప్పుడు వడ్లగింజంత ఎత్తు. 2. పదహారో వంతు. 3. ఒకప్పటి నాణెంలో పదహారో వంతు విలువ. చివర, పుట్టుక ఇంకా తేలలేదు అని పెట్టాను. ఆ ఒక్కదానికీ నన్ను ఏమీ అనకు. అర్థాల్లో గింజను ముందు పెట్టాను గానీ, మాట పుట్టినప్పుడు గింజ ముందా వంతు ముందా అన్నదానికి నీ దగ్గరా చీటీ లేదు, నా దగ్గరా లేదు. మనిద్దరికీ పోట్లాడుకోవడానికి కొంత మిగలాలి.

ఆదివారం మధ్యాహ్నం భోజనానికి మీ ఇంటికి వస్తున్నాను. నువ్వు తలుపు తీయకపోతే అక్క తీస్తుంది. అక్క కూడా తీయకపోతే మీ చెల్లెలు కిటికీలోంచి పిలుస్తుంది, ఆమె గొంతు సంగతి నీకు తెలుసు.

ఇట్లు,
నువ్వు చదివించిన
నీ బామ్మర్ది

తా.క.: పైన రాయడానికి చెయ్యి రాలేదు, ఇక్కడ రాస్తున్నాను. ఆ గుమాస్తాను నేనే. చీటీ మూల ఉన్న పొడి అక్షరాలు నావి. తారీఖు మన గొడవ జరిగిన వారానికి. నీ చేతిరాత నేనెప్పుడూ చూడలేదు బావా, ఇన్నేళ్లలో నువ్వు అంకెలు వేయడమే చూశాను. నువ్వు అక్కకు కూడా చెప్పకుండా, ఇంటికి కాకుండా ఆఫీసుకు రాశావు, కవరు మీద వ అక్షరం చూసే ఆయనకు అని పెట్టి ఉంటావు. రోజూ వచ్చే నలభైలో అదొకటనుకున్నాను. మాట కనబడింది, కత్తిరించాను, నీ సంతకంతో సహా మిగతాదంతా బుట్టలో వేశాను. నువ్వు జవాబు కోసం చూస్తూ ఉన్నావు, నేను నీ పంతం గురించి ఊరంతా చెప్పుకుంటూ ఉన్నాను. నాకు మిగిలింది ఒకే వాక్యం. రేపటి నుంచి ఆరో సంపుటంలో మొదటి అర్థం కింద ఉదాహరణగా అచ్చయి ఉంటుంది:

"వీసమంటే వడ్లగింజేరా, ఎనిమిది నేను త్రాసులో వేసి ఉంచాను, మిగతా ఎనిమిది నువ్వొచ్చి వెయ్యి."

ఆ త్రాసును మూడేళ్లుగా ఎవరినీ ఎందుకు తుడవనివ్వలేదో, నువ్వు పంపిన గింజల మీద ఆ దుమ్ము ఎక్కడిదో ఇప్పుడు తెలిసింది. మతిమరుపు నీకు కాదని అక్కకు చెప్పు. ఆదివారం పదహారు గింజలతో వస్తున్నాను. ఏడు నీవి, ఎనిమిది నావి, ఒకటి కోడి తరఫున. బుట్టలో పోయిన మిగతా ఉత్తరంలో ఏం రాశావో భోజనం దగ్గర నువ్వే చెప్పాలి. ఈసారి మాట కోసం కాదు, విషయం కోసం వింటాను.